వాషింగ్ మెషిన్ నిండట్లేదు: మొదటి తప్పు జల్లెడది, రెండోది నాది

మెషిన్ ఆన్ చేశాను, తలుపు టక్కుమని లాక్ అయింది, లోపల సన్నగా జుమ్మని శబ్దం మొదలైంది, ఇంకేం నీళ్ళు పడతాయిలే అని నా పనిలో నేను పడిపోయాను. పావుగంట తర్వాత వచ్చి చూస్తే బట్టలు అక్కడక్కడా తడిసి, మిగతావి పొడిపొడిగానే ఉన్నాయి. డిస్‌ప్లే మీద ఏదో కోడ్ మెరుస్తోంది. జుమ్మనే శబ్దం కూడా ఆగిపోయింది.

మళ్ళీ ఆన్ చేసి ఈసారి అక్కడే నిలబడ్డాను. సబ్బు డ్రాయర్ కొంచెం ముందుకి లాగి లోపలికి తొంగి చూస్తే, నీళ్ళు అసలు రావట్లేదని కాదు, వస్తున్నాయి, కానీ వాన వెలిశాక చూరు నుంచి బొట్లు పడ్డట్టు వస్తున్నాయి. మామూలుగా అయితే డ్రాయర్ పైకప్పుకున్న చిన్న చిన్న చిల్లుల్లోంచి జల్లులా దూకి పౌడర్‌ని క్షణంలో కడుక్కుపోయేవి. ఇప్పుడు పౌడర్ ఓ మూల తడిసి ముద్దయింది, రెండో మూల అలాగే ఉంది.

తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే, చెప్పింది సగం కూడా వినకుండానే "ఇన్‌లెట్ వాల్వ్ పోయుంటుంది సార్, అది కాకపోతే బోర్డు" అన్నాడు. బోర్డంటే మెషిన్ మొత్తాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ బుర్ర, ఆ మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. వాల్వే అయి ఉండాలి దేవుడా అనుకుని, ఆ మోడల్‌కి సరిపోయే వాల్వ్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ కూడా పెట్టేశాను. ఇదీ నా తొందర. మెషిన్ వెనక్కి తిప్పి చూసింది మర్నాడు. చూశాక ఆర్డర్ పెట్టడం ఎంత తెలివితక్కువ పనో అర్థమైంది.

అసలు మెషిన్‌లోకి నీళ్ళు వచ్చే దారి చాలా చిన్నది. కుళాయి, దాని నుంచి ఓ పైపు, పైపు మెషిన్‌కి తగిలే చోట ఓ జల్లెడ, జల్లెడ వెనక నీళ్ళని వదిలి ఆపే వాల్వ్, అక్కడి నుంచి సబ్బు డ్రాయర్, డ్రాయర్ నుంచి టబ్బు. అంతే. నీళ్ళు తక్కువగా వస్తున్నాయంటే ఈ దారిలో ఎక్కడో అడ్డం ఉంది, లేదా మొదట్లోనే నీళ్ళు లేవు. అందుకని మధ్యలోంచి మొదలుపెట్టకుండా కుళాయి దగ్గర్నుంచి వరసగా వెళ్ళాలి. ఇది తెలియక కాదు, బోర్డు భయంలో బుర్ర పనిచేయక నేను తిన్నగా వాల్వ్ మీద పడ్డాను.

ఇంకో సంగతి, అన్నిటికన్నా ముందు చెవి పెట్టి వినండి. వాల్వ్‌కి కరెంటు అందుతుంటే దాన్ని తెరిచే కాయిల్ (కరెంటు తీగచుట్ట) నుంచి సన్నటి జుమ్మనే శబ్దం వస్తుంది, మెషిన్ పైభాగం మీద చెయ్యి ఆనిస్తే ఆ వణుకు కూడా తెలుస్తుంది. శబ్దం ఉండి నీళ్ళు రాకపోతే బోర్డు తన పని తాను చేస్తున్నట్టే, వాల్వ్‌కి "తెరుచుకో" అని చెప్పింది, అడ్డం మాత్రం నీళ్ళ దారిలో ఉంది. అసలు ఏ శబ్దమూ లేకపోతే కథ వేరు. అప్పుడు తలుపు సరిగ్గా లాక్ కాలేదా, డిలే స్టార్ట్ పొరపాటున నొక్కేశామా అన్నవి చూసుకుని, అవేవీ కాకపోతే అప్పుడు వాల్వ్ కాయిల్, వైరు, బోర్డు దాకా వెళ్ళాలి. నా మెషిన్‌లో శబ్దం బ్రహ్మాండంగా వస్తోంది. అంటే బోర్డు గురించి నేను పడ్డ భయమంతా దండగ.

సరే, ప్లగ్ తీసేశాను, కుళాయి కట్టేశాను, మెషిన్‌ని నిదానంగా ముందుకి లాగాను. ప్లగ్ తీసి కుళాయి కట్టకుండా వెనక చెయ్యి పెట్టకండి, అక్కడ నీళ్ళూ కరెంటూ పక్కపక్కనే కాపురం చేస్తుంటాయి. పైపు ఎక్కడైనా మడత పడిందా అని చూశాను, పడలేదు. మెషిన్‌ని గోడకి ఆనించి నెట్టేసినప్పుడు పైపు మెడ దగ్గర నొక్కుకుపోవడం చాలా మామూలు, అది చూడటానికి అర నిమిషం పడుతుంది కాబట్టి ముందు అదే చూడాలి.

తర్వాత బకెట్ పరీక్ష. మెషిన్ వైపున్న పైపు కొస విప్పి బకెట్‌లో పెట్టి కుళాయి పూర్తిగా తిప్పాలి. విప్పేటప్పుడు పైపులో మిగిలిన నీళ్ళు కారతాయి, కింద పాత గుడ్డ ఒకటి పరుచుకోండి. ఒక్క నిమిషం పట్టి ఎన్ని లీటర్లు వచ్చాయో కొలిస్తే చాలు. నాకు నిమిషంలో పది లీటర్ల పైనే వచ్చాయి, బకెట్ అడుగున దడదడలాడుతూ. అంటే ట్యాంకు, కుళాయి, పైపు మీద ఏ నేరమూ లేదు, దొంగ మెషిన్ లోపలే ఉన్నాడు. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు పోతాయి, దీనికి మెకానిక్ అక్కర్లేదు, పనిముట్లు అక్కర్లేదు.

బకెట్‌లోకే నీళ్ళు సన్నగా వస్తే మాత్రం మెషిన్‌ని వదిలేసి కుళాయి సంగతి చూడాలి. కుళాయి సగమే తెరుచుకుని ఉండొచ్చు, లోపలి వాషర్ ఊడి అడ్డం పడి ఉండొచ్చు, ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయి మళ్ళీ నిండితే లైన్‌లో గాలి ఇరుక్కుని ఉండొచ్చు. ఇవేవీ కాకపోతే ప్రెషరే చాలట్లేదేమో. మెషిన్ మాన్యువల్‌లో ఎంత ప్రెషర్ కావాలో రాసి ఉంటుంది, చాలావాటిలో కనీసం 0.3 లేదా 0.5 బార్ అని కనిపిస్తుంది. ఒక మీటరు ఎత్తు నుంచి దిగే నీళ్ళు సుమారు 0.1 బార్ ప్రెషర్ ఇస్తాయి కాబట్టి, 0.5 బార్ కావాలంటే ట్యాంకులో నీటి మట్టం మెషిన్ కన్నా ఐదు మీటర్లు పైన ఉండాలన్నమాట. పై అంతస్తులో ట్యాంకుకి సరిగ్గా కిందే ఉన్నవాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి, ట్యాంకు నెత్తి మీదే ఉంది కదా నీళ్ళకేం తక్కువ అనుకుంటారు, నిజానికి ప్రెషర్ తక్కువయ్యేది వాళ్ళకే. అలాంటి చోట అలాంటిదే ఇంకో మెషిన్ కొన్నా ఉపయోగం లేదు, చిన్న ప్రెషర్ పంప్ పెట్టుకోవడమో తక్కువ ప్రెషర్‌తో నడిచే మోడల్ చూసుకోవడమో చేయాలి.

ప్రెషర్ తగ్గితే నీళ్ళు నెమ్మదిగా వస్తాయి, అంతేగా, ఓపిక పడదాం అనుకోవచ్చు. అంత సులువు కాదు. ఈ వాల్వ్‌లో కాయిల్ ఒక్కటే బలం పెట్టి దారి తెరవదు. లోపల ఓ రబ్బరు పొర ఉంటుంది, దానికి సూది మొనంత చిల్లు. కాయిల్ ఓ చిన్న ఇనుప పుల్లని పైకి లాగి పొర మధ్యనున్న ఇంకో దారి తెరుస్తుంది, దాంతో పొర వెనక ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు నీటి ఒత్తిడే పొరని నెట్టుకుని లోపలికి వస్తుంది. మూసుకోవడం కూడా అంతే, నీళ్ళ బలంతోనే. ప్రెషర్ మరీ తక్కువైతే పొర సరిగ్గా లేవదు, ఒక్కోసారి సరిగ్గా మూసుకోదు కూడా. మెషిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా డ్రమ్ములోకి నీళ్ళు చేరుతున్నాయంటే కారణం ఇదే కావచ్చు, లేదా పొర కింద ఓ ఇసుక రేణువు ఇరుక్కుని ఉండొచ్చు. ఏదైనా సరే, కరెంటు లేకుండా నీళ్ళు లోపలికి వస్తున్నాయంటే లోపం వాల్వ్ దగ్గరే, బోర్డుని అనుమానించక్కర్లేదు.

ఇక నా మెషిన్ దగ్గరికి వస్తే, పైపు విప్పిన చోట లోపలికి టార్చి వేసి చూశాను. ప్లాస్టిక్ గొట్టం లోపల బొటనవేలంత జల్లెడ, మధ్యలో పట్టుకోవడానికి చిన్న బొడిపె. నోస్ ప్లయర్‌తో ఆ బొడిపె పట్టుకుని తిప్పకుండా తిన్నగా లాగితే "పుట్" మని ఊడొచ్చింది. అరచేతిలో పెట్టుకుని చూస్తే జల్లెడ చిల్లులు కనబడితే ఒట్టు. ఓ పక్క తెల్లటి సున్నం పొర, దానిలో అంటుకున్న గోధుమరంగు తుప్పు రజను, వీటన్నిటి మీద పక్షి గూడు కట్టినట్టు తెల్లటి దారాల ముద్ద. ఆ దారాలేమిటో ముందు అర్థం కాలేదు. గోటితో లాగితే సాగింది. అప్పుడు వెలిగింది, టెఫ్లాన్ టేప్! నెల క్రితం ఆ కుళాయి కారుతోందని మార్పించాం, ప్లంబర్ మర కారకుండా టేప్ పుష్కలంగా చుట్టాడు, దాని తునకలు లోపలికి జారి ఒక్కొక్కటే ప్రయాణం చేసి ఇక్కడ మకాం వేశాయి. కుళాయి మార్చిన రోజు నుంచి మెషిన్ నిండటానికి రోజురోజుకీ ఎక్కువసేపు పట్టి ఉండాలి, ఎవరం గమనించలేదు.

పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే టేపూ తుప్పూ పోయాయి, సున్నం పోలేదు. ఓ గిన్నెలో వెనిగర్ పోసి అరగంట నానబెడితే బుడగలొచ్చి అదీ వదిలింది. పిన్నుతో పొడిచి చిల్లులు తీయాలని మాత్రం అనుకోకండి, మెష్ చిరిగితే ఆ చెత్తంతా తిన్నగా వాల్వ్‌లోకే పోతుంది. జల్లెడ లేకుండా బిగించేద్దాం నీళ్ళు బాగా వస్తాయి అనే మహానుభావులు కూడా ఉంటారు, వాళ్ళకి వాల్వ్ ఖర్చు త్వరలోనే ఉంటుంది. కొన్ని పైపులకి కుళాయి వైపు కొసలో కూడా ఇలాంటిదే ఇంకో జల్లెడ ఉంటుంది, అదీ చూడండి. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వాషర్ పడిపోకుండా చూసుకుని చేత్తోనే గట్టిగా తిప్పితే సరిపోతుంది. ప్లయర్ పెట్టి బలం చూపిస్తే మెషిన్ వైపున్న ప్లాస్టిక్ మర పగులుతుంది. కుళాయి తిప్పాక పొడి వేలితో చుట్టూ తడిమి చూసుకోండి, చెమ్మ తగలకపోతే అయిపోయినట్టే.

మెషిన్ ఆన్ చేశాను. డ్రాయర్‌లో జల్లు దూకింది. నేనేదో రాకెట్ పంపినంత గర్వంగా మెషిన్‌ని వెనక్కి నెట్టి, నీళ్ళు బయటికి పోయే పైపుని జాలీ దగ్గర పడేసి, చేతులు కడుక్కున్నాను.

అక్కడే చేశాను రెండో తప్పు.

వారం తిరక్కుండానే మళ్ళీ అదే కోడ్. కానీ ఈసారి వింతగా ఉంది. వాష్ మామూలుగా జరుగుతోంది, నీళ్ళు పడుతున్నాయి, డ్రమ్ము తిరుగుతోంది, నురగ వస్తోంది. రిన్స్‌కి వచ్చేసరికి నీళ్ళు పడుతూ పడుతూ ఎంతకీ నిండక చివరికి ఆగిపోతోంది. జల్లెడ తీసి చూస్తే శుభ్రంగా ఉంది. బకెట్ పరీక్ష పాస్. డ్రాయర్‌లో జల్లు ధారాళంగా ఉంది. మరి ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నట్టు? ఆ సాయంత్రమే కొత్త వాల్వ్ కూడా వచ్చింది, ఇంకేం, ఇదన్నా మార్చేద్దాం అని స్క్రూడ్రైవర్ తీసుకుని కూర్చున్నాను.

మా అమ్మ బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, ఇటు పోస్తుంటే అటు పోతున్నాయిరా, జాలీలో చప్పుడు వినపడట్లేదా?" అంది.

వినపడింది. పంపు నడిచినప్పుడు వచ్చే గుర్రుమనే చప్పుడు కాదు, ఏ మోటారూ లేకుండా నీళ్ళు వాటంతట అవే పారే గలగల. మెషిన్ ఆపేసినా కాసేపు పారుతూనే ఉంది.

విషయం ఏమిటంటే, మెషిన్ అడుగున ఉండే డ్రెయిన్ పంపులో నీళ్ళని ఆపే తలుపేమీ ఉండదు, ఓ చిన్న రెక్కల చక్రం మాత్రమే. టబ్బులో నీళ్ళు నిలబడుతున్నాయంటే అది బయటికి పోయే పైపు పైకి లేచి, టబ్బులో నీటి మట్టం కన్నా ఎత్తులో వంపు తిరిగి ఉండటం వల్లే. అందుకే ఫ్రంట్ లోడ్ మెషిన్‌కి ఆ పైపుని వెనక వైపు పైన ఉండే క్లిప్పుకి తగిలించి, కొసని నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టమని చాలా మాన్యువల్స్ చెబుతాయి. నేను మెషిన్‌ని ముందుకీ వెనక్కీ లాగినప్పుడు ఆ క్లిప్పు ఊడిపోయింది. పైపు కిందికి జారి నేల మీద జానెడు ఎత్తులో ఓ వంపు తిరిగి, కొస జాలీలో పడి ఉంది. వాష్‌లో నీళ్ళు తక్కువ తీసుకుంటుంది కాబట్టి మట్టం ఆ వంపు దాకా రాలేదు, అందుకే ఏ గొడవా లేదు. రిన్స్‌లో ఇంకాస్త ఎక్కువ తీసుకుంటుంది. మట్టం వంపు దాటిన మరుక్షణం సైఫన్ పట్టుకుంది, డబ్బాలోంచి పైపుతో కిరోసిన్ లాగినట్టు, ఒకసారి అందుకుంటే అడుగు కనబడేదాకా వదలదు. పాపం మెషిన్ ఏమనుకుంటుంది? మట్టం పడిపోయింది, మళ్ళీ నింపుదాం అనుకుంటుంది. నింపితే మళ్ళీ పోతుంది. కొంతసేపు చూసి, ఇక నా వల్ల కాదని నీళ్ళు రావట్లేదనే కోడ్ చూపిస్తుంది. దాని లెక్కలో అది అబద్ధం కాదు మరి.

మీకు ఈ అనుమానం వస్తే విప్పడాలు ఏమీ అక్కర్లేదు. నీళ్ళు నిండుతున్నప్పుడు డ్రెయిన్ పైపు కొసని చేత్తో మెషిన్ పైభాగం దాకా ఎత్తి పట్టుకోండి. అప్పుడు నిండితే దొంగ దొరికినట్టే. పైపు కొసని గోడలోని గొట్టంలోకి లోతుగా దూర్చి, కారకుండా చుట్టూ గుడ్డలు కుక్కినా ఇదే జరగొచ్చు, గాలి ఆడే సందు లేకపోతే సైఫన్‌కి ఇంకా అనువు.

మట్టం సంగతి మెషిన్‌కి ఎలా తెలుస్తుందని మా అమ్మే అడిగింది. టబ్బు అడుగు నుంచి సన్నటి రబ్బరు గొట్టం ఒకటి పైకి వెళ్ళి ఓ సెన్సార్‌కి తగులుతుంది. టబ్బులో నీళ్ళు పెరిగే కొద్దీ ఆ గొట్టంలో ఇరుక్కున్న గాలి నొక్కుకుంటుంది, ఆ ఒత్తిడిని బట్టి మట్టం ఎంతో లెక్కేస్తుంది. ఆ గొట్టంలో సబ్బు జిడ్డు పేరుకుని గాలి అందులోనే బిగుసుకుపోతే, టబ్బు ఖాళీగా ఉన్నా మెషిన్ నిండిందనుకుని నీళ్ళు తీసుకోదు. గొట్టం ఊడినా చిల్లు పడినా దీనికి తలకిందులుగా, నిండిన సంగతి తెలియక పోస్తూనే ఉంటుంది. నాకు ఆ అవసరం రాలేదు గానీ, కుళాయి, జల్లెడ, డ్రెయిన్ పైపు అన్నీ బాగుండి కూడా మట్టం తేడాగా ఉంటే తర్వాత చూడాల్సింది ఇదే.

కోడ్‌ల గురించి ఒక్క ముక్క. ఎల్‌జీ మెషిన్లలో "ఐఈ", శాంసంగ్ వాటిలో "4సీ" లేదా పాతవాటిలో "4ఈ" అని వస్తే నీళ్ళు అందట్లేదని అర్థం, వాల్వ్ పోయిందని కాదు. కోడ్ లక్షణం చెబుతుంది, కారణం చెప్పదు. కాయిల్ మీదే అనుమానమైతే, ప్లగ్ తీసి, కాయిల్ వైర్లు ఊడదీసి మల్టీమీటర్‌తో కొలవండి, 220-240 వోల్టుల కాయిల్ అయితే సాధారణంగా మూడు నాలుగు కిలో ఓమ్‌లు చూపిస్తుంది, ఏమీ చూపించకపోతే లోపల తెగిందన్నమాట. మల్టీమీటర్ పట్టుకోవడం అలవాటు లేకపోతే ఇది మాత్రం మెకానిక్‌కే వదిలేయండి.

వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ విడివిడిగా రెండు పైపులు పెట్టుకునే టాప్ లోడ్ మెషిన్లలో ఇంకో తమాషా ఉంది. చన్నీళ్ళ పైపు ఒక్కటే తగిలించి ప్రోగ్రామ్ మాత్రం వేడినీళ్ళది పెడితే, మెషిన్ రెండో వాల్వ్ తెరుచుకుని రాని నీళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ఇంకొకటి, నిండకపోవడం కాదు గానీ నిండలేదనిపించడం. మా పిన్ని టాప్ లోడ్ నుంచి ఫ్రంట్ లోడ్‌కి మారిన కొత్తలో రోజూ ఫోన్ చేసి "దీనిలో నీళ్ళే కనబడట్లేదురా" అనేది. అద్దంలోంచి చూస్తే బట్టలు తడిసి దొర్లుతున్నాయి తప్ప నీళ్ళలో తేలట్లేదు మరి. ఫ్రంట్ లోడ్ తీరే అంత, బట్టల్ని నీళ్ళలో ముంచదు, పైకెత్తి పడేస్తుంది. ఆవిడకి నమ్మకం కుదరక సబ్బు డ్రాయర్‌లోంచి మగ్గుతో నీళ్ళు పోసేది కూడా. మెషిన్‌కి మట్టం తెలుసు కాబట్టి అంతమేర తను తీసుకోవడం తగ్గించుకునేది, ఆ సంగతి ఇప్పటికీ పిన్నికి చెప్పలేదు.

మా డ్రెయిన్ పైపుని క్లిప్పుకి తగిలించి, మళ్ళీ ఊడకుండా కేబుల్ టై కూడా వేసి, కొస నడుమెత్తున గోడ గొట్టానికి వదులుగా కొక్కెంతో తగిలించాను. ఆ రోజు రిన్స్ మూడుసార్లూ నిలబడి చూశాను, జాలీ దగ్గర మా అమ్మ కాపలా. ఆ కొత్త వాల్వ్ సీలు కూడా విప్పలేదు, వాపసు గడువు దాటిపోయింది, స్క్రూడ్రైవర్ల డబ్బాలో పడి ఉంది.